బూడిద ఎక్కడికి పోవాలి?

విజయవాడ నుంచి కాజీపేట వెళ్ళే రైలు మార్గంలో మోటుమర్రి దగ్గర ఒక పాయ చీలి జగ్గయ్యపేట వైపు మళ్ళుతుంది. ఆ దారిన బొగ్గు వస్తుంది, సిమెంటు పోతుంది. ప్రధాన మార్గం మీదే విజయవాడ వైపు దిగివస్తే కొండపల్లి, దాని పక్కనే ఇబ్రహీంపట్నం తగులుతాయి. అక్కడున్నది నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం. జనం నోట ఇప్పటికీ అది పాత పేరున వీటీపీఎస్సే. కృష్ణా జిల్లా మెట్టకు ముఖ్య పట్టణాలైన నందిగామ, జగ్గయ్యపేట 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. జిల్లా పేరు ఏదైనా ఆ ఊళ్ళు ఉన్నది రెండు పెద్ద మంటల నడుమ. ఒక వైపు జయంతిపురం, ముక్త్యాల సిమెంటు కిల్నులు, మరో వైపు ఇబ్రహీంపట్నం బాయిలర్లు.

రెండూ తినేది బొగ్గే. రెండింటిలోనూ బూడిద పుడుతుంది. అయితే కిల్ను తన బూడిదను తనలోనే కలిపేసుకుంటుంది. బాయిలర్ మాత్రం దాన్ని బయటికి నెట్టాల్సిందే. బొగ్గును తక్కువ మసితో, తక్కువ విషంతో మండించాలని తెలుగు నేల మీద డెబ్బై ఏళ్ళుగా జరుగుతున్న పరిశోధన అంతా ఒక విధంగా ఈ తేడా చుట్టూ తిరిగిందే. బొగ్గులో ఉన్నది ఏదీ మాయమైపోదు. గంధకం, నత్రజని, బూడిద, కార్బన్, ఒక్కోదానికీ ఒక్కో దారి వెయ్యాలి. ఇంజినీరు చెయ్యగలిగింది అంతే. ఏ దారి దొరికింది, ఏ దారి ఇంకా దొరకలేదు అన్నదే ఈ అధ్యాయం.

పది మిల్లీగ్రాముల పరీక్ష

బొగ్గు మండే తీరును పరిశోధించే ఆచార్యుడి పని చాలా చిన్న తూకంతో మొదలవుతుంది. ఆయన ప్రయోగశాలలో థర్మోగ్రావిమెట్రిక్ ఎనలైజర్ అనే యంత్రం ఉంటుంది. పేరు నోరు తిరగదు గానీ అది చేసే పని తేలికే. వేడి చేస్తూ తూస్తుంది. చిటికెడు కంటే తక్కువ బొగ్గు పొడిని, సుమారు 10 మిల్లీగ్రాములు, చిన్న గిన్నెలో పోసి కొలిమిలోకి దించుతారు. మొదట నైట్రోజన్ వాయువు పంపుతూ వేడిని నిమిషానికి ఇన్ని డిగ్రీల చొప్పున పెంచుతారు. తెర మీద తూకం గీత కదులుతుంది.

105 డిగ్రీలు దాటేసరికి గీత కాస్త దిగుతుంది. అది తేమ. తర్వాత చాలాసేపు కదలదు. 350 డిగ్రీల దగ్గర మొదలై మరో నూటయాభై డిగ్రీల పాటు జారుడు బాగా ఉంటుంది. బొగ్గులోని తేలిక వాయువులు, తారు బయటపడే దశ ఇది. ఇప్పుడు గిన్నెలో మిగిలింది చార్, అంటే కార్బనూ రాతిపొడీ కలిసిన నల్లటి అస్థిపంజరం. నైట్రోజన్ ఆపి గాలి వదిలితే కార్బన్ మండిపోతుంది, గీత మళ్ళీ పడిపోతుంది. చివరికి ఒక చోట అడ్డంగా సాగుతుంది. అక్కడి నుంచి ఎంత వేడి చేసినా తూకం తగ్గదు.

ఇంగ్లండు, అమెరికాల్లోని మేలు రకం బొగ్గును ఈ గిన్నెలో పెడితే చివరికి ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ మిగులుతుంది. మన థర్మల్ కేంద్రాలకు వచ్చే బొగ్గు పెడితే మూడున్నర నుంచి నాలుగు మిల్లీగ్రాములు మిగులుతుంది. లారీ లెక్కన చూస్తే, పది టన్నుల బొగ్గు కొన్నవాడు నాలుగు టన్నుల మట్టికి కూడా రైలు కిరాయి కట్టాడన్నమాట.

ఇందులో గని వాళ్ళ తప్పేమీ లేదు, ఇది భూచరిత్ర. గోదావరి లోయ బొగ్గు పాతిక కోట్ల ఏళ్ళకు పైబడినది, గోండ్వానా భూఖండం నాటిది. 1871–72లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర దాన్ని గుర్తించాడు. ఐరోపాలో చిత్తడి అడవులు నిలబడ్డ చోటే పడి బొగ్గయ్యాయి. మన దగ్గర నదులు చెట్టూ చేమా కొట్టుకొచ్చి, ఒండ్రుతో పాటే పల్లాల్లో పరిచాయి. అందుకే బురద బొగ్గు పైన పొరగా ఉండదు, దాని కణం కణంలో ఇమిడి ఉంటుంది. రాయిని వేరు చేసినట్టు నీళ్ళలో కడిగి తీద్దామంటే బొగ్గు కూడా దానితోపాటే పోతుంది. ఈ లోటుకు పక్కనే ఒక లాభమూ ఉంది. మన బొగ్గులో గంధకం తక్కువ, సాధారణంగా అర శాతం దరిదాపుల్లో ఉంటుంది.

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో బొగ్గు కాలుష్యం అంటే మొదటి పేజీలో గంధకం ఉంటుంది. మన ఆచార్యుల పుస్తకంలో మొదటి పేజీ బూడిదది. అక్కడి యంత్రాన్ని తెచ్చి ఇక్కడ బిగించినప్పుడల్లా వచ్చిన తలనొప్పులకు మూలం ఇదే.

రెండు సెకన్ల జీవితం

ఇబ్రహీంపట్నంలో మొదటి 210 మెగావాట్ల యూనిట్ 1979లో వెలిగింది. రాష్ట్ర విద్యుత్ బోర్డుకు 1974 నుంచి 1988 దాకా అధ్యక్షుడిగా ఉన్న నార్ల తాతారావుది ఆ పక్క కవులూరే. కేంద్రానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. అలాంటి యూనిట్ ఒకటి పూర్తి స్థాయిలో నడిస్తే ఎంత తింటుందో లెక్క కడదాం. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు పడుతుంది. 210 మెగావాట్లంటే గంటకు 2,10,000 యూనిట్లు. కాబట్టి గంటకు దాదాపు 147 టన్నులు, రోజుకు 3,500 టన్నులు. ఒక గూడ్సు రేకు మోసేది ఇంచుమించు అంతే. అంటే యూనిట్‌కు రోజుకో రైలు బొగ్గు, అందులో బూడిద 1,400 టన్నులు.

ఆ బొగ్గును మిల్లులో ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరి, గాలితో కలిపి, బాయిలర్‌లోకి ఊదుతారు. లోపల 1,300 నుంచి 1,400 డిగ్రీల వేడి. ఒక రేణువు అక్కడ బతికేది సెకనో రెండు సెకన్లో. మొదటి కొన్ని మిల్లీసెకన్లలో వాయువులు చిమ్మి మండుతాయి. మిగిలిన కాలమంతా చార్ కాలడానికే సరిపోతుంది. ఈలోగా రేణువులో ఇమిడిన మట్టి కరుగుతుంది. కరిగిన బొట్టు పైకి లేచే గాలిలో తేలుతూ గుండ్రంగా మారి, చల్లబడగానే గాజుగా గడ్డకడుతుంది. పొగతో ఎగిరే ఈ బూడిదే ఫ్లైయాష్. ఫ్లైయాష్‌ను సూక్ష్మదర్శిని కింద పెడితే కనిపించేవి ఈ గాజు గోళీలే. కొన్నిటి లోపల బోలుగా ఉంటుంది, అవి బూడిద చెరువులో నీటి మీద తేలతాయి. జగ్గయ్యపేట సిమెంటుకు ఈ బూడిద పనికొచ్చేది ఈ గాజుతనం వల్లే. అది సున్నంతో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. మామూలు మట్టికి ఆ గుణం లేదు.

పుట్టిన బూడిదలో ఐదో వంతు బాయిలర్ అడుగున పడుతుంది. తక్కినది, రోజుకు 1,100 టన్నుల పైచిలుకు, పొగతో పాటు చిమ్నీ దారి పడుతుంది. దాన్ని ఆపేది ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. వేల వోల్టుల తీగల మధ్య పొగను నడిపితే రేణువులకు విద్యుదావేశం అంటుకుంటుంది, అవి పక్కనున్న ఉక్కు పలకలకు అతుక్కుంటాయి. పలకలను సుత్తులతో కొడితే బూడిద కింది గరాటాల్లోకి రాలుతుంది. ఈ యంత్రం సామర్థ్యం 99.5 శాతం అంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ మిగిలిన అర శాతం అంటే రోజుకు ఐదున్నర టన్నులు పొలాల మీద పడ్డట్టు. అదే 99.9 శాతానికి పెంచితే టన్ను చిల్లరకు తగ్గుతుంది. సామర్థ్యం పెరిగింది అర శాతం కూడా కాదు, పడే దుమ్ము మాత్రం ఐదో వంతుకు దిగింది. ప్రకటనల్లో తొంభై తొమ్మిది చూసి తృప్తి పడకుండా, దశాంశ బిందువు తర్వాత ఏముందో చూడాలి.

ఈ యంత్రాన్ని అమెరికాలో ఫ్రెడరిక్ కాట్రెల్ అనే రసాయన శాస్త్ర ఆచార్యుడు 1907 ప్రాంతంలో తయారుచేశాడు. దానికి తొలినాటి పెద్ద పరీక్షల్లో ఒకటి 1910ల మొదట్లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ సిమెంటు ఫ్యాక్టరీలో జరిగింది. అక్కడి దుమ్ము నారింజ తోటల మీద పేరుకుంటోందని రైతులు గొడవకు దిగారు. మిరపతోటల మీద, పత్తిచేల మీద దుమ్ము పడుతోందని మన మెట్ట రైతులు చెప్పే మాటకు వందేళ్ళ వంశవృక్షం ఉందన్నమాట. ఆ యంత్రానికి బలం రైతుల ఫిర్యాదు నుంచే వచ్చింది.

ఇక్కడే పరిశోధకుడికి ఒక చిక్కుముడి ఎదురవుతుంది. మంట మరీ వేడెక్కితే గాలిలోని నత్రజని, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు అవుతాయి. 1,500 డిగ్రీలు దాటాక అవి ఒక్కసారిగా పెరుగుతాయి. అందుకని గాలిని ఒకేసారి ఇవ్వకుండా విడతలుగా ఇచ్చి మంటను చల్లార్చే బర్నర్లు వచ్చాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గాయి. కానీ చల్లటి మంటలో చార్ పూర్తిగా కాలదు, కాలని కార్బన్ ఫ్లైయాష్‌లో మిగిలిపోతుంది. సిమెంటులో కలపాలంటే ఆ బూడిదను మళ్ళీ మండించినప్పుడు తగ్గే తూకం 5 శాతం మించకూడదని భారత ప్రమాణం. ఇబ్రహీంపట్నంలో మంటను సరిచెయ్యబోతే జగ్గయ్యపేటలో బూడిద తిరస్కరణకు గురికావచ్చు. ఒక దారి వెడల్పు చేస్తే మరో దారి ఇరుకవుతుంది. బొగ్గు పరిశోధకుడు జీవితమంతా ఈ ముళ్ళను విప్పుతూనే ఉంటాడు.

మండించకుండా వాయువు చేస్తే?

బొగ్గును నేరుగా కాల్చకుండా, చాలీచాలని ఆక్సిజన్‌లో, ఆవిరితో కలిపి ఉడికిస్తే కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ కలిసిన వాయువు వస్తుంది. దాన్నే గ్యాసిఫికేషన్ అంటారు. ఆ వాయువును ముందే కడిగి గంధకం, దుమ్ము తీసేసి గ్యాస్ టర్బైన్‌లో మండించి, టర్బైన్ వదిలే వేడితో మళ్ళీ ఆవిరి పుట్టించి రెండో టర్బైన్ తిప్పితే, అది ఐజీసీసీ. పొగ పుట్టాక శుభ్రం చెయ్యడం కంటే పుట్టకముందే శుభ్రం చెయ్యడం సులువు. ఎందుకంటే అప్పుడు వాయువు పరిమాణం తక్కువ, పీడనం ఎక్కువ.

తెలుగు నేలకు ఈ విద్య కొత్త కాదు. హైదరాబాదులో 1944లో మొదలై తర్వాత సీఎస్ఐఆర్‌లో చేరిన ప్రాంతీయ పరిశోధనశాల, ఇప్పటి ఐఐసీటీ, బొగ్గు మీద దశాబ్దాల పాటు పనిచేసింది. రోజుకు 24 టన్నుల బొగ్గును వాయువుగా మార్చే నమూనా కర్మాగారాన్ని అక్కడే నడిపారు. రామగుండంలో ఫెర్టిలైజర్ కార్పొరేషన్ 1980లో బొగ్గు నుంచి యూరియా తయారీ మొదలుపెట్టింది. అందులో పెట్టిన కోపర్స్–టోట్‌జెక్ గ్యాసిఫయర్ బూడిదను కరిగించి ద్రవంగా పంపే రకం. మన బొగ్గు బూడిద కరగాలంటే 1,400 డిగ్రీలు దాటాలి, పైగా అది నలభై శాతం దాకా ఉంటుంది. వాయువు తయారీకి పోవాల్సిన వేడిలో పెద్ద భాగం రాయిని కరిగించడానికే ఖర్చయింది. ఆ ఫ్యాక్టరీ కష్టాలకు ఇదొక్కటే కారణం కాదు గానీ పెద్ద కారణాల్లో ఇదొకటి. 1999లో అది మూతపడింది. తర్వాత అదే చోట కొత్తగా లేచిన యూరియా కర్మాగారం సహజవాయువుతో నడుస్తోంది.

రామగుండం పాఠం పరిశోధకులను మరో రకం పాత్ర వైపు తిప్పింది. జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ 1920లలో కనిపెట్టిన ఫ్లూయిడైజ్డ్ బెడ్ అది. అడుగు నుంచి గాలీ ఆవిరీ ఊదితే బొగ్గు నలుసులు మరిగే ఎసట్లో బియ్యపు గింజల్లా లేచి పడుతూ ఉంటాయి. వేడి అంతటా సమానంగా పరుచుకుంటుంది, 1,000 డిగ్రీల దరిదాపుల్లోనే పని జరుగుతుంది, బూడిద కరగకుండా పొడిగానే కిందికి దిగుతుంది. ఎక్కువ బూడిద బొగ్గుకు ఇది అతికినట్టు సరిపోతుంది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం మెకానికల్ ఇంజినీరింగ్ ఆచార్యుడు డి.ఎన్. రెడ్డి పరిశోధన సాగింది ఈ రంగంలోనే. ఉస్మానియాలో ఎనర్జీ టెక్నాలజీ కేంద్రాన్ని నెలకొల్పి, మన బొగ్గుకు తగిన గ్యాసిఫికేషన్, ఐజీసీసీ విధానాల మీద విద్యార్థులతో పనిచేయించారు. 2008లో హైదరాబాద్ జేఎన్‌టీయూకు ఉపకులపతి అయ్యారు. ఇలాంటి ఆచార్యుడి ఉద్యోగ జీవితానికి ఒక నిచ్చెన ఉంటుంది. మొదటి మెట్టు 10 మిల్లీగ్రాములు. రెండోది గంటకు కొన్ని కిలోలు తినే ప్రయోగశాల రియాక్టర్. మూడోది ఐఐసీటీలో నడిచినటువంటి రోజుకు పాతిక టన్నుల నమూనా. నాలుగోది బీహెచ్ఈఎల్ తిరుచిరాపల్లిలో 1980లలో కట్టిన 6.2 మెగావాట్ల ఐజీసీసీ. మొదట కదిలే పడక రకం గ్యాసిఫయర్‌తో నడిచి, తర్వాత ఫ్లూయిడైజ్డ్ బెడ్‌కు మారిన ఆ కర్మాగారం మన దేశపు బొగ్గుతో ఈ పని సాధ్యమేనని చూపింది.

ఐదో మెట్టు ఇబ్రహీంపట్నంలో పడాల్సింది. బీహెచ్ఈఎల్, ఏపీ జెన్‌కో కలిసి అక్కడ 125 మెగావాట్ల ఐజీసీసీ కట్టాలని 2000ల చివర్లో ఒప్పందానికి వచ్చాయి. తర్వాత దాన్ని 182 మెగావాట్లకు పెంచాలన్న మాట కూడా నడిచింది. అది కాగితం దాటలేదు. 6 మెగావాట్ల నుంచి 125కు ఎగరడమంటే యంత్రం ఇరవై రెట్లు పెరగడం ఒక్కటే కాదు, దాంతో పాటు అప్పూ, పూచీకత్తూ, యూనిట్ ధరా పెరుగుతాయి. ప్రయోగశాల ఒప్పుకున్నదాన్ని బ్యాంకు ఒప్పుకోవాలి.

ఆ చోటును సూపర్ క్రిటికల్ బాయిలర్ నింపింది. నీటిని 221 బార్లకు, 374 డిగ్రీలకు మించి తీసుకెళ్తే నీరూ ఆవిరీ అనే తేడా చెరిగిపోతుంది. అక్కడి నుంచి పైకి వెళ్ళేకొద్దీ అదే బొగ్గుతో ఎక్కువ కరెంటు వస్తుంది. 2023లో ఇబ్రహీంపట్నంలో ఈ రకం 800 మెగావాట్ల యూనిట్ వచ్చి, కేంద్రం మొత్తం సామర్థ్యం 2,560 మెగావాట్లకు చేరింది. పాత యూనిట్ల సామర్థ్యం, అంటే బొగ్గు వేడిలో కరెంటుగా మారే వంతు, 35 శాతం అనుకుంటే కొత్తది 39 దాటుతుంది. యూనిట్ కరెంటుకు పదో వంతు బొగ్గు ఆదా అయినట్టు. బొగ్గు పదో వంతు తగ్గితే బూడిదా, గంధకమూ, కార్బన్ డయాక్సైడూ అన్నీ అంతే తగ్గుతాయి. అన్ని దారులూ ఒకేసారి తేలికయ్యేది సామర్థ్యం పెరిగినప్పుడే.

గ్యాసిఫికేషన్ పరిశోధన వృథా అయిందా? 2021లో హైదరాబాద్ బీహెచ్ఈఎల్ పరిశోధన కేంద్రంలో రోజుకు 1.2 టన్నుల బొగ్గు తినే ఫ్లూయిడైజ్డ్ బెడ్ గ్యాసిఫయర్‌తో పావు టన్ను మిథనాల్ తీసి చూపించారు. వాడింది మన ఎక్కువ బూడిద బొగ్గే. కరెంటు కోసం మొదలైన విద్య రసాయనాల వైపు తిరిగింది. 10 మిల్లీగ్రాముల గిన్నె నుంచి అక్కడికి చేరడానికి ఒక తరం పట్టింది.

కిల్ను మింగే బూడిద

ఇప్పుడు జగ్గయ్యపేటకు వద్దాం. ఇక్కడి నేల అడుగున సున్నపురాయి పరుచుకుని ఉంది. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాల దగ్గర కేసీపీ ఫ్యాక్టరీలు వెలసింది ఆ రాయి కోసమే. సున్నపురాయి, కాస్త మట్టి, కాస్త ఇనుపరాయి కలిపి నూరిన పొడిని ఎత్తైన ప్రీహీటర్ టవర్ పైనుంచి వదులుతారు. కింది నుంచి లేచే వేడి పొగకు అది ఎదురు దిగుతూ వేడెక్కుతుంది. టవర్ అడుగున కాల్సినర్‌లో 850 నుంచి 900 డిగ్రీల దగ్గర సున్నపురాయి విరిగి సున్నం అవుతుంది. తర్వాత మెల్లగా తిరిగే ఏటవాలు కిల్నులో 1,450 డిగ్రీలకు చేరి, ముద్దకట్టి, క్లింకర్ గడ్డలుగా దొర్లి పడుతుంది.

మండే బొగ్గు బూడిద ఇక్కడ ఎటూ పోదు. అందులో ఉన్నది సిలికా, అల్యూమినా, ఇనుము. క్లింకర్‌కు కావాల్సినవీ అవే. టన్ను క్లింకర్‌కు 180 కిలోల బొగ్గు, అందులో మూడో వంతు బూడిద అనుకుంటే, 60 కిలోల బూడిద క్లింకర్‌లోనే కలిసిపోతుంది. అందుకే ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు ఏ రోజుకారోజు బొగ్గు బూడిద ఎంతో తెలుసుకుని, రాయి పాళ్ళు దానికి తగ్గట్టు మారుస్తాడు. బాయిలర్ ఇంజినీరుకు తలనొప్పి అయిన నలభై శాతం ఇక్కడ ముడిసరుకు లెక్కలోకి వస్తుంది.

గంధకమూ అంతే. టవర్ నిండా వేడి సున్నం ఉంటే సల్ఫర్ డయాక్సైడు తప్పించుకోవడం కష్టం. ఆ రెండూ కలిసి కాల్షియం సల్ఫేటు అయి క్లింకర్‌తో వెళ్ళిపోతాయి. థర్మల్ కేంద్రాల్లో గంధకం తీయడానికి వాడే ఎఫ్‌జీడీ యంత్రం చేసేదీ ఇదే పని. సున్నపురాయి నీళ్ళు చల్లి పొగను కడిగితే జిప్సం వస్తుంది. ఆ జిప్సం మళ్ళీ సిమెంటుకే కావాలి. క్లింకర్ నూరేటప్పుడు కొద్ది శాతం జిప్సం కలపకపోతే సిమెంటు నీళ్ళు తగిలిన వెంటనే బిగుసుకుపోతుంది. జగ్గయ్యపేట రాయి ఇబ్రహీంపట్నం పొగను కడగగలదు, ఇబ్రహీంపట్నం జిప్సం, ఫ్లైయాష్ జగ్గయ్యపేట సిమెంటును నింపగలవు. జాతీయ రహదారి మీద ఎదురెదురుగా నడిచే బల్కర్ లారీల వెనుక ఇంత రసాయన శాస్త్రం ఉంది.

దారి లేని వాయువు

ఇంతవరకూ అన్నింటికీ ఏదో ఒక దారి దొరికింది. కార్బన్ డయాక్సైడుకు దొరకలేదు. పైగా సిమెంటు దగ్గర బొగ్గు పరిశోధకుడి చేతులు కట్టేసినట్టవుతాయి. కారణం రాయిలోనే ఉంది. 100 గ్రాముల సున్నపురాయి విరిగితే 56 గ్రాముల సున్నం, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడు వస్తాయి. క్లింకర్‌లో సున్నం దాదాపు 65 శాతం. లెక్క కడితే టన్ను క్లింకర్‌కు రాయి నుంచే 510 కిలోల వాయువు. బొగ్గు మండినందుకు వచ్చేది 285 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. మొత్తం దాదాపు 800 కిలోలు. అంటే మంట ఎంత గొప్పగా ఉన్నా, చివరికి బొగ్గే వాడకపోయినా, మూడింట రెండు వంతుల దగ్గర మిగిలే ఉంటుంది.

మంటను మరో 5 శాతం మెరుగుపరిచామనుకుందాం. అది చిన్న విజయమేమీ కాదు, దాని వెనుక ఏళ్ళ కృషి ఉంటుంది. దానివల్ల తగ్గేది టన్నుకు 14 కిలోలు. అదే క్లింకర్‌లో 30 శాతం తీసేసి ఆ చోట ఇబ్రహీంపట్నం ఫ్లైయాష్ వేస్తే, టన్ను సిమెంటుకు 240 కిలోలు తగ్గుతుంది. పోర్ట్‌లాండ్ పొజ్జొలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లైయాష్‌ను భారత ప్రమాణం అనుమతిస్తోంది. మనం ఇల్లు కట్టుకునేందుకు తెచ్చే బస్తాల్లో పీపీసీ అని అచ్చేసినవన్నీ అవే. ఇంట్లో గోడకు బూడిద సిమెంటా అని ముఖం చిట్లించే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మొదటి వారాల్లో అది కాస్త నెమ్మదిగా గట్టిపడే మాట నిజమే. నీళ్ళు బాగా పట్టి తడి ఆరకుండా చూస్తే తర్వాత ఆ లోటు తీరుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. సౌర విద్యుత్తు పెరిగి థర్మల్ కేంద్రాలు తగ్గుముఖం పడితే ఫ్లైయాష్ కూడా తగ్గుతుంది. అప్పటికి సిమెంటుకు వేరే తోడు కావాలి. స్విట్జర్లాండు ఈపీఎఫ్ఎల్‌లో కరెన్ స్క్రివెనర్ బృందం, మన ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాసు పరిశోధకులు కలిసి అభివృద్ధి చేసిన ఎల్‌సీ3 సిమెంటు ఈ ఖాళీ కోసమే. అందులో క్లింకర్ సగమే. తక్కినది కాల్చిన కయోలిన్ మట్టి, కాల్చని సున్నపురాయి పొడి, జిప్సం. మట్టిని కాల్చడానికి 700 నుంచి 850 డిగ్రీలు చాలు. 2023లో దీనికి భారత ప్రమాణం వచ్చింది.

మిగిలిన వాయువును పట్టుకోవడానికి మంటనే మార్చాలనే వాళ్ళు ఉన్నారు. గాలిలో ఐదింట నాలుగు వంతులు నైట్రోజన్ కాబట్టి పొగలో కార్బన్ డయాక్సైడు పలచబడి ఉంటుంది, దాన్ని ఏరడం ఖరీదు. గాలికి బదులు శుద్ధ ఆక్సిజన్‌తో మండిస్తే పొగ అంతా కార్బన్ డయాక్సైడూ నీటి ఆవిరే. నీటిని చల్లబరిచి తీసేస్తే చాలు. ఇనుప ఆక్సైడు రేణువుల చేత ఆక్సిజన్ మోయించి మండించే కెమికల్ లూపింగ్ ఇంకో దారి. ఐఐటీ మద్రాసులో ఆచార్యుడు శ్రీనివాస్ జయంతి ఈ రెండు పద్ధతులనూ మన బొగ్గుకు అన్వయించి పరిశోధించారు. ఇక్కడా నిచ్చెన అదే, మెట్లు అవే. పట్టుకున్న వాయువును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

మెట్ట రైతు అడగాల్సినవి

కొత్త కిల్ను కట్టాలన్నా, పాతదాన్ని పెంచాలన్నా ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు. ఆ సభల్లో మాట్లాడేవాళ్ళు ఎక్కువగా రెండే చెబుతారు. ఉద్యోగాలు ఇవ్వండి అని కొందరు, ఫ్యాక్టరీ వద్దు అని కొందరు. బొగ్గు పరిశోధన మనకు నేర్పింది ఇంకా పదునైన ప్రశ్నలు వెయ్యడం. దుమ్ము పట్టే యంత్రం సామర్థ్యం 99 తర్వాత ఎంత, కరెంటు పోయి వచ్చిన ఆ పది నిమిషాల్లో అది ఎంత? గేటు దగ్గర పెట్టిన కాలుష్య కొలతల బోర్డు రాత్రిపూట కూడా వెలుగుతుందా? టన్ను సిమెంటులో క్లింకర్ ఎంత శాతం? మంటలో దిగుమతి బొగ్గుకూ పెట్‌కోక్‌కూ తోడు నందిగామ చేలల్లో రైతులు తగలబెట్టే పత్తికట్టె, మిరపకట్టె ఎంత కొంటారు, టన్నుకు ఎంత ఇస్తారు? ఇబ్రహీంపట్నం వాళ్ళనైతే మరొకటి అడగాలి. ఈ ఏడాది పుట్టిన బూడిదలో ఎంత లారీ ఎక్కింది, ఎంత చెరువులోకి పోయింది?

వీటిలో ప్రతి ప్రశ్నకూ జవాబు ఒక అంకె. ఆ అంకెలను కొలిచే విద్యను ఆచార్యులు ఒక్కో మిల్లీగ్రాము తూచి సంపాదించారు. బొగ్గు ఇంకా కొన్ని దశాబ్దాలు మన మధ్యనే ఉండబోతోంది. దాన్ని తప్పించలేని చోట కనీసం లెక్క తప్పించుకోనివ్వకుండా చూడటం ఊరి పని. అందుకు ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, పై ప్రశ్నల్లో ఒకటి కాగితం మీద రాసుకుని సభలో చెయ్యెత్తితే చాలు.